పాదలేపం నుంచి వనదేవత దాకా: మనుచరిత్రలో ప్రకృతివిద్యల పరిణామం

ఉపోద్ఘాతం

అల్లసాని పెద్దన రచించిన మనుచరిత్రపై తెలుగులో వెలువడిన విమర్శలో అధికభాగం ప్రవర వరూధినీ వృత్తాంతం చుట్టూనే అల్లుకొన్నది. ప్రవరుని కర్మనిష్ఠ, వరూధిని విరహం, హిమాలయ వర్ణన, శృంగారమా రసాభాసమా అన్న చర్చ పండితలోకానికి సుపరిచితాలు. ఆరు ఆశ్వాసాల ఈ ప్రబంధంలో స్వరోచి జననానంతర కథను మాత్రం, మనుసంభవాన్ని చేరడానికి కవి దాటవలసివచ్చిన దారిగానే తరచు పరిగణించారు. కావ్యానికి స్వారోచిష మనుసంభవమన్న పేరు కూడా ఉన్నది. ఆ పేరును సార్థకం చేసే కథ ఉత్తరభాగంలోనే ఉన్నది. విమర్శదృష్టి పూర్వభాగం దగ్గర ఎక్కువగా నిలిచిపోవడం వల్ల, రెండు భాగాలను కలిపే సూత్రమేమిటన్న ప్రశ్న వెనుకబడింది.

ఆ సూత్రం ప్రకృతివిద్య అన్నది ఈ వ్యాస ప్రతిపాదన. ఔషధసిద్ధుడిచ్చిన పాదలేపంతో కథ కదులుతుంది. మంచునీటికి ఆ లేపం కరిగిపోవడంతో చిక్కు ఏర్పడుతుంది. అగ్నిదేవుని అనుగ్రహంతో ప్రవరుడు ఇల్లు చేరుతాడు. గంధర్వుని కామరూపశక్తి స్వరోచి పుట్టుకకు కారణమవుతుంది. స్వరోచి అస్త్రహృదయం, ఆయుర్వేదం, సర్వభూతరుతజ్ఞానం, పద్మినీవిద్య అనే నాలుగింటిని పొందుతాడు. చివరకు వనదేవత మనువుకు తల్లి అవుతుంది. ఈ ఘట్టాలను వరుసలో పెట్టి చదివితే, ప్రకృతిని సాధనంగా వాడుకోవడంతో మొదలైన కథ, దానిని అర్థించడం, దాని మాట వినడం అనే మెట్లు ఎక్కి, దానితో బంధుత్వం కలుపుకోవడంతో ముగిసినట్లు తెలుస్తుంది. ఈ క్రమాన్ని కథాధారంతో నిరూపించడం, దాని పరిమితులను కూడా గుర్తించడం ఈ వ్యాస లక్ష్యం.

మంత్రం, విద్య, భూతం

ప్రకృతిలోని మూలికలు, నీరు, నిప్పు, పశుపక్ష్యాదుల ద్వారా అలౌకికశక్తిని పొందడాన్ని తెలుగులో ఏ పేరుతో పిలవాలన్నది తొలి సమస్య. చేతబడి, బాణామతి, చిల్లంగి అన్న మాటలు వాడుకలో ఉన్నాయి. అయితే అవి ఎవరూ తమ సాధనకు తాము పెట్టుకొన్న పేర్లు కావు, ఎదుటివారిపై మోపే నిందలు. ఆ నింద పడిన మనుషులు ఊరి దాడులకు గురికావడం, ప్రాణాలు కోల్పోవడం తెలుగు నేల ఇప్పటికీ చూస్తున్న వాస్తవం. ఇంగ్లండులో మంత్రవిద్యా నిషేధచట్టం 1951లో రద్దయిన తరువాత, 1954లో గెరాల్డ్ గార్డ్‌నర్ వెలువరించిన గ్రంథంతో, అక్కడ ఒకప్పటి నిందాపదాన్ని కొందరు తమ ప్రకృత్యుపాసనకు స్వచ్ఛందనామంగా స్వీకరించారు. తెలుగు మాటలకు అటువంటి చరిత్ర లేదు. కనుక ప్రాచీన కావ్యంలోని విద్యలను వివరించడానికి ఈ పదాలను తెచ్చి అతికించడం శాస్త్రీయం కాదు, న్యాయమూ కాదు.

తెలుగు నుడికారంలో మంత్రశబ్దం ఒకేచోట స్థిరంగా నిలవలేదు. మంత్రగత్తె అంటే ఊరు భయపడుతుంది. మంత్రసానిని అదే ఊరు పురిటింటికి పిలుచుకొంటుంది. రెండు మాటల్లోనూ ఉన్నది స్త్రీ, ఆమె ఎరిగిన విద్య. ఒకచోట అది హాని చేసే విద్యగా అనుమానం పొందితే, మరొకచోట ప్రాణం నిలిపే నేర్పుగా గౌరవం పొందింది. విద్య మంచిచెడ్డలు దాని స్వభావంలో కంటే, అది ఏ సంబంధంలో ప్రయోగమవుతున్నదన్న దానిలో ఉన్నాయని ఈ జంటపదాలు సూచిస్తాయి. మనుచరిత్ర పఠనానికి ఇది ఉపయోగపడే సూచన.

భూతశబ్దం మరింత కీలకం. పృథివి, నీరు, తేజస్సు, వాయువు, ఆకాశం పంచభూతాలు. ప్రాణులన్నీ సర్వభూతాలు. మనిషిని పట్టి పీడిస్తుందనుకొనేదీ భూతమే. అష్టాంగాయుర్వేదంలో భూతవిద్య ఒక అంగం. మూలద్రవ్యం, జీవి, భయపెట్టే అదృశ్యశక్తి ఈ మూడూ ఒకే మాటలో ఇమిడి ఉన్న భాషలో, ప్రకృతితో సంబంధం అన్నది ఏకకాలంలో తత్త్వచర్చ, జీవకారుణ్యచర్చ, భయచర్చ అవుతుంది. స్వరోచి పొందే విద్యల్లో ప్రధానమైనది సర్వభూతరుతజ్ఞానం. ఇక్కడ భూతం అంటే ప్రాణి, రుతం అంటే దాని అరుపు. విద్య అన్న పదం కావ్యానికీ పురాణానికీ సహజమైనది కనుక ఈ వ్యాసంలో ప్రకృతివిద్య అన్న సమాసమే వాడడం జరిగింది.

పాదలేపం: పూర్వసంబంధం లేని శక్తి

అరుణాస్పదపురవాసి అయిన ప్రవరుడు నిత్యాగ్నిహోత్రి, అతిథిప్రియుడు. దూరతీర్థాలు చూడాలన్న కోరిక అతనిలో బలంగా ఉన్నది, నిత్యకర్మలు విడిచి వెళ్ళే వీలు మాత్రం లేదు. అతని ఇంటికి అతిథిగా వచ్చిన ఔషధసిద్ధుడు ఆ కోరికకు సాధనం చూపిస్తాడు. చిన్నవయసులోనే ఇన్ని దేశాలు ఎలా తిరిగారన్న ప్రశ్నకు సిద్ధుడు చెప్పే సమాధానం ఓషధిమహిమ. ఆ పసరు పాదాలకు పూయగానే ప్రవరుడు హిమాలయం చేరుతాడు.

సిద్ధుని పాత్ర తెలుగు పాఠకునికి కొత్తది కాదు. శ్రీశైలం సిద్ధక్షేత్రంగా చిరకాలంగా ప్రసిద్ధం. పెద్దనకు పూర్వమే గౌరన నవనాథచరిత్రను ద్విపదలో రచించాడు. మూలికలు, రసవాదం, ఆకాశగమనం సిద్ధసంప్రదాయానికి చెందిన విషయాలుగా అప్పటికే తెలుగు సాహిత్యంలోకి ప్రవేశించాయి. ఈ నేపథ్యంలో పాదలేపం పాఠకుడు నమ్మదగిన వస్తువుగానే కథలోకి వస్తుంది. దానిని కవి పరిహసించలేదు, సిద్ధుణ్ణి మోసగానిగానూ చిత్రించలేదు. మందు నిజమైనది, పని చేసింది కూడా.

గమనించవలసినది ఆ మందుకూ ప్రవరునికీ మధ్య ఉన్న సంబంధం. ఆ మూలిక ఏ కొండపై మొలుస్తుందో ప్రవరుడెరుగడు, దాన్ని సేకరించే నియమం నేర్వలేదు, సాధన చేయలేదు. ఒక పూట ఆతిథ్యంతో అది అతనికి దక్కింది. అందుకే దాని బలహీనత ఏమిటో కూడా అతనికి తెలియదు. ఎండకు కరిగిన మంచులో ఆ లేపం కొట్టుకుపోయిన సంగతి, ఇంటికి మరలబోయే దాకా అతడు గ్రహించడు. అడవి ఇచ్చిన శక్తిని కొండమీది నీరు తీసివేసింది. ఒక భూతం ఇచ్చినదాన్ని మరొక భూతం హరించిందనుకొంటే, ప్రకృతిలోని ఒక అంశాన్ని తక్కినవాటి నుంచి విడదీసి సాధనంగా వాడుకొనే ప్రయత్నానికి ఉన్న అవధి ఇక్కడ స్పష్టమవుతుంది.

హిమాలయ వర్ణనను ఈ కోణంలో తిరిగి చూడవచ్చు. నింగినంటే శిఖరాలు, వాటిపై సెలయేళ్ళు, ఆ సవ్వడికి ఆడే నెమళ్ళు ప్రవరుని కళ్ళముందు నిలిచే దృశ్యాలు. ఆ వర్ణనాసౌందర్యాన్ని విమర్శకులు వేనోళ్ళ ప్రశంసించారు. కథాపరంగా మాత్రం ప్రవరుడు అక్కడ చూపరి. కొండ అతనికి కన్నులపండువే గాని, ఒక్క మాట చెప్పలేదు. దారి తప్పినప్పుడు ఆ చెట్లూ, పక్షులూ, సెలయేళ్ళూ అతనికి ఏ విధంగానూ తోడ్పడవు. దారి అడగడానికి అతనికి కనిపించింది వరూధిని మాత్రమే. ఇదే కావ్యం చివరి ఆశ్వాసంలో పక్షులూ జింకలూ మాట్లాడతాయన్నది గుర్తుంచుకొంటే, పూర్వభాగంలోని ఈ మౌనానికి కథానిర్మాణంలో ఒక స్థానమున్నట్లు తోస్తుంది.

మంత్రాలకు చింతకాయలు రాలవన్నది తెలుగువారి సామెత. ప్రకృతి మనిషి ఆజ్ఞకు లోబడదన్న లోకానుభవం అందులో ఉన్నది. పాదలేప వృత్తాంతం ఆ సామెతను పూర్తిగా అంగీకరించదు, పూర్తిగా కాదనదు. చింతకాయలు రాలవచ్చు. రాల్చినవాడికి చెట్టు సంగతి తెలియకపోతే దిగే దారి ఉండదు.

అగ్ని: నిత్యసంబంధం మీద నిలిచిన అర్థన

ప్రవరుని రెండో ప్రయాణానికి ఆధారం అగ్ని. వరూధిని ప్రలోభాన్ని నిరాకరించిన తరువాత అతడు అగ్నిదేవుణ్ణి వేడుకొంటాడు. దానజపాగ్నిహోత్రాలలో తాను నిజంగా నిష్ఠ కలవాడినైతే, సూర్యాస్తమయానికి ముందే తనను ఇంటికి చేర్చమన్నది ఆ ప్రార్థన సారాంశం. అగ్ని అతనిలో ప్రవేశించడం, అతడు ఇల్లు చేరడం వెంటవెంటనే జరుగుతాయి.

మందుకూ నిప్పుకూ ఉన్న తేడా ఇక్కడ కనబడుతుంది. ప్రవరుడు అగ్నిని ప్రతిదినం సేవించాడు. పొద్దూ మాపూ హోమం చేశాడు. అతడు అడిగింది కొత్త వరం కాదు, పాత సంబంధం నిలబెట్టమని. తన ప్రవర్తననే హామీగా చూపి అడిగాడు. హామీ తప్పయితే ప్రార్థన ఫలించకూడదన్న అర్థం ఆ వాక్యనిర్మాణంలోనే ఉన్నది. సాయంసంధ్యకు ముందే అన్న గడువు కూడా, ఆ సంబంధం తెగకుండా కాపాడుకోవడానికి పెట్టుకొన్నదే.

మంత్రవిద్యకూ మతానికీ గల భేదాన్ని జేమ్స్ ఫ్రేజర్ 1890లో తొలిసారి వెలువడిన గోల్డెన్ బౌ గ్రంథపు తరువాతి ముద్రణల్లో వివరించాడు. మంత్రవిద్య ప్రకృతిని నియమబద్ధమైన యంత్రంగా భావించి దానిని తన వశం చేసుకోజూస్తుంది. మతం ప్రకృతిని నడిపే చేతనశక్తిని ప్రసన్నం చేసుకోజూస్తుంది. స్థూలంగా ఇది అతని సిద్ధాంతం. పాదలేపాన్ని మొదటి తరగతిలోనూ, అగ్నిప్రార్థనను రెండో తరగతిలోనూ చేర్చి, మనుచరిత్ర ఈ విభజనకు మంచి ఉదాహరణ అని చెప్పడానికి అవకాశమున్నది. కథ ఇక్కడ ఆగితే ఆ మాట సరిపోయేదే. అయితే ఇంతవరకు జరిగింది కావ్యంలో సగం కూడా కాదు. ఉత్తరభాగంలో వచ్చే సర్వభూతరుతజ్ఞానం వశం చేసుకోవడమూ కాదు, ప్రసన్నం చేసుకోవడమూ కాదు. ఫ్రేజర్ విభజనలో దానికి చోటు లేదు. అందువల్ల మనుచరిత్రను ఆ సిద్ధాంతానికి ఉదాహరణగా కంటే, దానిని ప్రశ్నించే పాఠంగా చదవడం సముచితం.

కామరూపం: మోసానికి వాడిన శక్తి

ప్రవరుడు వెళ్ళిపోయాక, వరూధినిని పూర్వం కోరి తిరస్కృతుడైన గంధర్వుడు ప్రవరుని రూపంతో ఆమెను చేరుతాడు. సమాగమవేళ ఆమె కన్నులు మూసుకోవాలని అతడు నియమం పెట్టినట్లు మార్కండేయ పురాణం చెబుతుంది. కావ్యంలోని విద్యలన్నిటిలో ఎదుటివారి కన్ను మూయించి పనిచేసే శక్తి ఇదొక్కటే. మూలికకు, నిప్పుకు, ప్రాణిభాషకు ప్రకృతిలో ఆధారమున్నది. కామరూపానికి ఉన్నది ఒక స్త్రీ దుఃఖం మాత్రమే. ఆ దుఃఖాన్ని తెలుసుకొని, దానిని తన కోరికకు ద్వారం చేసుకొన్నాడు గంధర్వుడు.

ఈ మోసానికి కావ్యంలో శిక్ష లేదు. ఎగతాళి చేసిన మనోరమకు శాపం తగులుతుంది, విద్యను చాటుగా విన్న ఇందీవరాక్షునికి శాపం తగులుతుంది. వరూధినిని వంచించిన గంధర్వునికి మాత్రం ఏ శాపమూ లేదు. ప్రకృతివిద్యల నైతికతను గురించి ఈ కావ్యం చెప్పే మాటలో ఇది పూరించరాని ఖాళీ. మనుసంభవమనే మహాప్రయోజనం పేరుతో దానిని సమర్థించడం సులువు. ఆ సమర్థన కథలోని స్త్రీ అనుభవాన్ని లెక్కలోకి తీసుకోదు.

ఇదే ఘట్టంలో మరొక సూక్ష్మం ఉన్నది. వరూధిని మనసులో నిలిచినది గంధర్వుడు కాడు, అగ్నితేజంతో వెలిగిన ప్రవరుడు. ఆమె భావనాబలం వల్లనే కొడుకు స్వయంప్రకాశం గలవాడై స్వరోచి అయినాడని పురాణసంప్రదాయం. శరీరాన్ని మోసం చేసిన శక్తి ఆమె భావనను తాకలేకపోయింది. ఆ విధంగా అగ్నితేజం, ప్రవరుని సంతానం కాని బిడ్డలోకి, వరూధిని తలపు ద్వారానే చేరింది.

నాలుగు విద్యలు, నలుగురు దాతలు

స్వరోచికి దక్కే నాలుగు విద్యల వెనుక మూడు శాపకథలున్నాయి. తపస్విని పరిహసించిన మనోరమ రాక్షసుని బారిన పడుతుంది. ఆమె పక్షాన మాట్లాడిన చెలికత్తెలు విభావరి, కళావతి కుష్ఠక్షయరోగాల పాలవుతారు. మనోరమను తరిమే రాక్షసుడు నిజానికి ఆమె తండ్రి ఇందీవరాక్షుడే. బ్రహ్మమిత్రుడు శిష్యులకు బోధించే ఆయుర్వేదాన్ని చాటున ఉండి విని నేర్చినందుకు అతడు శపితుడైనాడు. మనోరమ ఇచ్చిన అస్త్రహృదయంతో స్వరోచి అతనికి శాపవిముక్తి కలిగిస్తాడు. కృతజ్ఞతతో ఇందీవరాక్షుడు ఆయుర్వేదాన్నీ, కూతురినీ ఇస్తాడు. ఆ ఆయుర్వేదంతో స్వరోచి చెలికత్తెల రోగాలు నయం చేస్తాడు. అందుకు ప్రతిగా విభావరి సర్వభూతరుతజ్ఞానాన్నీ, కళావతి పద్మినీవిద్యనూ ఇస్తారు.

ఇందీవరాక్షుని కథ పాదలేప కథకు ప్రతిబింబం. ప్రవరుడు పరిశ్రమ లేకుండా ఔషధాన్ని పొందాడు, దారి తప్పాడు. ఇందీవరాక్షుడు గురుసంబంధం లేకుండా ఔషధజ్ఞానాన్ని పొందాడు, రాక్షసుడైనాడు. మొదటిది అమాయకత్వం, రెండోది దొంగతనం. ఫలితం రెండుచోట్లా విద్య ఉన్నవాడు తన చోటికి తాను తిరిగి చేరలేకపోవడమే. స్వరోచి చేతిలో మాత్రం అదే ఆయుర్వేదం మరొకరి వేదనకు మందుగా మొదటిసారి ప్రయోగమవుతుంది. కథారంభంలోని ఔషధం ఒక దేహాన్ని ఇంటికి దూరం చేసింది. కథ నడుమ వచ్చే ఔషధం రెండు దేహాలను తిరిగి వాటి స్వస్థస్థితికి చేర్చింది.

నాలుగు విద్యల్లో మూడింటిని ఇచ్చినవారు స్త్రీలు. వారినెవరినీ కావ్యం మాంత్రికురాలన్న అనుమానంతో చూడదు. విద్య వారిది, దానం వారి ఇష్టం. తెలుగు జానపద కథాలోకంలోని బాలనాగమ్మ కథతో పోల్చితే ఈ విశేషం ప్రస్ఫుటమవుతుంది. అక్కడ విద్య మాయల ఫకీరుది, స్త్రీ దానికి బలి అయ్యేది. అతని ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉంటుంది. పక్షి అక్కడ ప్రాణాన్ని దాచే పెట్టె. మాట్లాడగలిగినా లేకున్నా, దాని పని ఆ రహస్యాన్ని మోయడమే. మనుచరిత్రలో పక్షి వేరొక పని చేస్తుంది. అది మనిషిని గురించి తన అభిప్రాయం చెబుతుంది.

వినడమనే విద్య

అస్త్రహృదయం శత్రువును గెలిపిస్తుంది. ఆయుర్వేదం రోగాన్ని గెలిపిస్తుంది. పద్మినీవిద్య నిధులను ఇస్తుంది. ఈ మూడూ విద్యావంతుని కోరికను నెరవేర్చే దిశలో పనిచేస్తాయి. సర్వభూతరుతజ్ఞానం మాత్రం అతని కోరికను ప్రశ్నిస్తుంది. ముగ్గురు భార్యలతో విహరిస్తున్న స్వరోచిని చూసి కలహంస అతని దాంపత్యాన్ని పొగడుతుంది. చక్రవాకి ఆ పొగడ్తను ఖండిస్తుంది. పలువురిపై పంచుకొన్న ప్రేమ ప్రేమ కాదని, ఒకరికొకరుగా బతికే తమ జంటే ధన్యమని ఆమె వాదం. మరొకచోట మగజింక తనను చుట్టుముట్టిన ఆడలేళ్ళతో, తాను స్వరోచివంటి వాణ్ణి కానని చెబుతుంది. ఒక రాజు పేరు జింక నోట నిందావాచకమైంది.

ఈ మాటలు స్వరోచికి ఎవరూ చెప్పలేదు. అవి అతన్ని ఉద్దేశించినవి కావు. అడవి తనలో తాను మాట్లాడుకొంటున్నది, అందులో అతడొక ప్రస్తావన మాత్రమే. విద్య లేకపోయినా ఆ మాటలు అక్కడ ఉండేవే. విద్య వల్ల అతనికి వినబడ్డాయి. ప్రకృతివిద్యకు సాధారణంగా ఆశించే ఫలం శక్తి. ఇక్కడ ఫలం సిగ్గు. చాటుగా వినడమే ఇందీవరాక్షుణ్ణి రాక్షసుణ్ణి చేసింది. అయాచితంగా చెవిన పడిన మాట స్వరోచిలో వివేకాన్ని మేల్కొలిపింది. రెండు వినడాలకూ భేదం, విన్నదాన్ని సొంతం చేసుకోవడానికీ, విన్నదానికి తాను లోబడడానికీ ఉన్న భేదమే.

స్వరోచి వేటను పెద్దన దీర్ఘంగా వర్ణించాడు. వేట జరిగేటప్పుడు అడవి నిండా అరుపులే. ఆ అరుపులు అప్పుడు వేటగానికి జాడలు, గురిచూడడానికి పనికివచ్చే ధ్వనులు. రుతజ్ఞానం కలిగిన తరువాత అవే అరుపులు వాక్యాలవుతాయి. అర్థం తెలిసినదానిపై అంతకుముందులా గురిపెట్టడం సాధ్యమా అన్న ప్రశ్నను కావ్యం నేరుగా వేయదు. కథాక్రమం ఆ ప్రశ్నను పాఠకునిలో కలిగిస్తుంది.

వనదేవత: బంధుత్వం

మార్కండేయ పురాణంలో స్వరోచి వేటకు వెళ్ళిన అడవిలో ఒక ఆడలేడి అతన్ని ఆలింగనం కోరుతుంది. అతడు అంగీకరించగానే లేడి స్త్రీ అవుతుంది. తాను ఆ వనానికి అధిదేవతనని, మనువును కనవలసిందిగా దేవతలు తనను ప్రార్థించారని చెబుతుంది. ఆమెకు పుట్టినవాడే స్వారోచిష మనువు. పెద్దన కావ్యం కూడా ఈ వనదేవతనే మనువుకు తల్లిగా నిలిపింది.

మానవశబ్దం మనువు నుంచి వచ్చినది. ఆ మన్వంతరానికి మూలపురుషుడైన మనువుకు తండ్రి వైపు అగ్నితేజం ఉన్నది, తల్లి వైపు అడవి ఉన్నది. పూర్వభాగంలో ప్రవరుడు అడవినిచ్చిన పసరును వాడుకొన్నాడు, అగ్నిని అర్థించాడు. ఉత్తరభాగం చివర అడవీ అగ్నీ అతని కథ నుంచి కదిలివచ్చి ఒక వంశంలో కలిశాయి. స్వరోచి వనదేవతను చేరడానికి ముందు మృగభాష నేర్చాడన్నది కూడా యాదృచ్ఛికం కాదు. లేడి కోరినదాన్ని అర్థం చేసుకోగలిగినవాడే ఆమెకు బదులివ్వగలడు. ప్రవరునికి మౌనంగా నిలిచిన కొండకూ, స్వరోచిని పలకరించిన అడవికీ మధ్య ఉన్న దూరమే ఈ ప్రబంధం నడిచిన దూరం.

రెండు అభ్యంతరాలు

ఈ ప్రతిపాదనకు వచ్చే మొదటి అభ్యంతరం కర్తృత్వానికి సంబంధించినది. పై కథాక్రమమంతా మార్కండేయ పురాణానిది. తిక్కన శిష్యుడిగా ప్రసిద్ధుడైన మారన పెద్దనకు ముందే ఆ పురాణాన్ని తెనిగించాడు. అటువంటప్పుడు ఈ పరిణామాన్ని పెద్దనకు ఆపాదించడం ఎలా పొసగుతుంది? క్రమం పురాణానిదేనన్నది నిజం. పెద్దన చేసిన పని ఎంపిక, విస్తరణ. పెద్ద పురాణంలో ఒక చిన్న భాగాన్ని వేరుచేసి, ఔషధసిద్ధుని రాకతో మొదలుకొని మనుసంభవం దాకా దానిని స్వయంసంపూర్ణమైన కావ్యం చేశాడు. పురాణంలో ఎన్నో మన్వంతరాల నడుమ ఒకటిగా ఉన్న కథ, ప్రబంధంలో తనకు తానే ఆదీ అంతమూ కలిగింది. అప్పుడే పసరూ వనదేవతా రెండు కొసలుగా కనిపించాయి. మరి విస్తరణలో సింహభాగం వరూధినీ వృత్తాంతానికి దక్కిందే అన్నది అనుబంధప్రశ్న. ఆ విస్తరణ వల్ల ఉత్తరభాగం నీడలో పడిన మాట కూడా నిజమే. ఆ అసమతౌల్యం కావ్యానిది, విమర్శ దానిని ఇంకా పెంచింది.

రెండో అభ్యంతరం బలమైనది. బంధుత్వమన్న మాట అందంగా ఉన్నా, వనదేవత చివరికి మనువును కనడానికి ఉపయోగపడిన పాత్ర మాత్రమే కదా? వరూధినికి జరిగినదీ, వనదేవత ద్వారా జరిగినదీ ఒక దైవప్రయోజనం కోసమే కదా? ఈ ప్రశ్నను తోసిపుచ్చడం కుదరదు. అడవిని తల్లిగా కీర్తించే సంస్కృతి, అడవిని వాడుకోవడం మానుకొన్న దాఖలా చరిత్రలో తక్కువ. అయినా వరూధినికీ వనదేవతకూ కథలో ఒక తేడా ఉన్నది. వరూధిని కన్నులు మూయించబడ్డాయి. వనదేవత తానెవరో, ఎందుకు వచ్చిందో చెప్పి అడిగింది. ఒకచోట రూపం దాచి పొందినది, రెండోచోట రూపం చూపి కోరబడింది. ఈ తేడా కావ్యంలోని అన్యాయాన్ని చెరపలేదు. ఆ అన్యాయాన్ని కొలవడానికి కొలబద్ద కావ్యంలోనే దొరుకుతుందని మాత్రం తెలుపుతుంది.

ఉపసంహారం

మనుచరిత్రలో ప్రకృతివిద్యలు అలంకారప్రాయమైన అద్భుతాలు కావు, అవి కథను నడిపే కీళ్ళు. పాదలేపంలో మనిషి ప్రకృతిని వాడుకొంటాడు. అగ్నిప్రార్థనలో అర్థిస్తాడు. ఆయుర్వేదంలో దానితో మరొకరికి మేలు చేస్తాడు. సర్వభూతరుతజ్ఞానంలో దాని తీర్పు వింటాడు. వనదేవతా వృత్తాంతంలో దానితో వంశం కలుపుకొంటాడు. కామరూపం ఈ వరుసకు వెలుపల నిలిచి, సంబంధం లేని శక్తి ఎంత హాని చేయగలదో చూపిస్తుంది.

ఈ పఠనం వల్ల రెండు ప్రయోజనాలున్నాయి. మొదటిది, ప్రవరుని కథ నిష్ఠకు సంబంధించిన నీతికథగా మిగిలిపోకుండా, ఒక దీర్ఘమైన ప్రశ్నకు తొలిభాగంగా తన స్థానాన్ని పొందుతుంది. ప్రవరుడు గెలిచినవాడే. అయితే హిమాలయం నుంచి అతడు ఒక్క మాటా వినకుండా తిరిగివచ్చాడు. రెండోది, విద్యను దాని పేరును బట్టి కాక, అది నిలిచిన సంబంధాన్ని బట్టి తూచే పద్ధతి తెలుగు సాహిత్యంలోనే ఉన్నదని తెలుస్తుంది. మూలిక ఎరిగిన స్త్రీని చూసి మంత్రగత్తె అని వేలు చూపే సమాజానికి, మూలికనూ మృగభాషనూ ఎరిగినవారిని విద్యావంతులని పిలిచిన కావ్యం ఒకటి తన భాషలోనే ఉన్నది. ఆ కావ్యపు ఉత్తరభాగాన్ని పాఠ్యప్రణాళికల్లోకీ, పరిశోధనలోకీ పూర్వభాగంతో సమానంగా తీసుకురావడం తెలుగు శాఖలు చేయదగిన పని.